ట్రైలర్ టీపీఎంఎస్‌లో అలారం ఏ అంకె దగ్గర పెట్టాలి? నెల్లూరు, ప్రకాశం ఎండలకు తగ్గ లెక్క

చీమకుర్తి నుంచి గెలాక్సీ గ్రానైట్ బ్లాకులు ఎత్తుకుని ఒంగోలు మీదుగా కృష్ణపట్నం దిగే ట్రైలర్లకూ, పోర్టులో సరుకు ఎత్తే బండ్లకూ టైరు ప్రెషర్ చూపించే టీపీఎంఎస్ సెట్లు బిగించేవాళ్లు పెరుగుతున్నారు. బిగించాక చాలామంది అలారం అంకెల జోలికి పోరు. సెట్టు పెట్టెలోంచి ఎలా వస్తే అలాగే వదిలేస్తారు. ఆ అంకెలు మన ఎండకు సరిపడవు. మే నెల మధ్యాహ్నం రెండింటికి కావలి దాటుతుంటే, టైరులో గాలి పావు వంతు పోయినా ఆ అలారం నోరు మెదపదు. పక్కనున్న మంచి టైరుకు మాత్రం హై ప్రెషర్ అని మోత మొదలుపెడుతుంది. నాలుగు రోజులు ఆ మోత విన్న డ్రైవరు స్పీకరు వైరు పీకేస్తాడు. తప్పు అతనిది కాదు, అంకెలది.

ఇక్కడి లెక్కలన్నీ చల్లటి ప్రెషర్, అంటే బండి నడవకముందు టైరులో ఉండే ప్రెషర్, 120 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) అనుకుని వేసినవి. మీ టైరుకు ఎంత ఉండాలో కంపెనీ ఇచ్చే లోడు పట్టికలో చూడండి. సైజు ఒకటే అయినా ప్లై రేటింగు (టైరు ఎంత బరువు మోయగలదో చెప్పే అంకె) మారితే ప్రెషర్ అంకె మారుతుంది. టైరు పక్కగోడ మీద అచ్చయ్యేది సాధారణంగా గరిష్ఠ లోడుకు కావలసిన చల్లటి ప్రెషర్. ముందు బండి స్టీరింగు టైర్లకు ఒక అంకె, ట్రైలర్ జంట టైర్లకు ఇంకో అంకె ఉండొచ్చు. అందుకే యాక్సిల్‌కో అంకె పెట్టుకునే వీలు లేని సెట్టు, ఎంత చవకగా వచ్చినా కొనకండి. ఈ ఒక్క లోపం మిగతా సెట్టింగులన్నిటినీ పాడుచేస్తుంది.

ముందు బేస్ అంకె సరిగా ఉండాలి

అలారం పరిమితులన్నీ బేస్ ప్రెషర్ మీద ఆధారపడతాయి. ఆ బేస్ చల్లటి టైరుది. చల్లటి టైరంటే కనీసం మూడు, నాలుగు గంటలు కదలకుండా, ఎండ తగలకుండా ఉన్న టైరు. మన దగ్గర దానికి సరైన వేళ తెల్లవారుజామున అయిదు, ఆరు. పగలు పదింటికి బండి నిలిపే ఉన్నా, తూర్పు వైపు టైర్లు ఎండకు కాగి పడమటి వైపు వాటికంటే ఎక్కువ చూపిస్తాయి. ఆ తేడాను లీకు అనుకుని ఒకవైపు గాలి దించి, ఇంకోవైపు ఎక్కించేవాళ్లున్నారు. మర్నాడు పొద్దున చూస్తే రెండు వైపులూ తప్పే.

ఇక అన్నిటికంటే ఎక్కువ జరిగే తప్పు. టంగుటూరు టోలు దాటి బండి ఆపుతారు. డిస్‌ప్లే 138 చూపిస్తుంది. "ఏంన్నా, ఇంత కొట్టించావు?" అంటూ వాల్వు నొక్కి బుస్సున 120కి దించేస్తారు. చూడ్డానికి అంకె బాగుంటుంది. రాత్రికి ఆ టైరు చల్లారితే 104 మిగులుతుంది, అంటే 13 శాతం తక్కువ. మర్నాడు ఆ తక్కువ గాలి మీద లోడు పడి పక్కగోడ ఎక్కువ వంగుతుంది, ఇంకా వేడెక్కుతుంది. వేడికి పెరిగిన ప్రెషర్‌ను ఎప్పుడూ తీయకూడదు. టైరు కంపెనీ పట్టికలోని అంకె ఆ పెరుగుదలను లెక్కలోకి తీసుకునే వేసింది.

ఈ పెరుగుదల ఎంతో తెలిస్తే మిగతా ఎంపికలు తేలికవుతాయి. 120 పీఎస్ఐ టైరులో గాలి ప్రతి 10 డిగ్రీలు వేడెక్కితే సుమారు నాలుగున్నర పీఎస్ఐ పెరుగుతుంది. 30 డిగ్రీల దగ్గర 120 పట్టిన టైరు లోపలి గాలి 70 డిగ్రీలకు చేరితే 138 చూపిస్తుంది, 80కి చేరితే 142. తెల్లవారి 28 డిగ్రీల్లో పట్టించి, రోహిణి కార్తెలో లోడుతో నడిపి లోపలి గాలి 85కి పోతే 145 దాటుతుంది. నైట్రోజన్ పట్టించినా ఈ పెరుగుదల ఇంతే, కాబట్టి పరిమితులు మార్చే పని లేదు. కానీ పంచర్ షాపు కంప్రెషర్ ట్యాంకు కింద నీళ్లు వదలకపోతే వేరే గొడవ ఉంది. సముద్రం పక్క తేమకు ఆ ట్యాంకులో నీళ్లు త్వరగా చేరతాయి. అవి గాలితోపాటు టైరులోకి పోతే, 70 డిగ్రీల దగ్గర ఆవిరి ఒక్కటే ఇంకో 4 పీఎస్ఐ దాకా కలుపుతుంది. ఒకే యాక్సిల్ మీద ఒక టైరు మాత్రం మధ్యాహ్నాలు పక్కవాటికంటే నాలుగైదు పీఎస్ఐ ఎక్కువ పెరిగి, పొద్దుటికి వాటితో సమానమవుతుంటే ముందు ఈ నీళ్లను అనుమానించండి.

లో ప్రెషర్: 25, 15, 10 శాతాల్లో ఏది?

అసలు ఎంపిక ఇక్కడుంది. భారీ టైర్ల పనిలో ఒక కట్టుబాటు ఉంది. ఉండాల్సిన చల్లటి ప్రెషర్‌లో 80 శాతానికి, అంటే మన లెక్కలో 96కి పడిపోయి నడిచిన టైరును గాలి లేకుండా నడిచిన టైరుగానే చూడాలి. రిమ్ము నుంచి విప్పి లోపల చూడకుండా మళ్లీ వాడకూడదు. కాబట్టి మంచి అలారం 20 శాతం పోకముందే మోగాలి. అమెరికాలో కార్లకూ చిన్న వాహనాలకూ ఉన్న నిబంధన 25 శాతం దగ్గర హెచ్చరిక అడుగుతుంది. ఆ కారు లెక్కను తెచ్చి ట్రైలర్‌కు పెడితే టైరు చచ్చిపోయాక కబురు అందినట్టే. యూరప్‌లో భారీ వాహనాలకూ ట్రైలర్లకూ పెట్టిన నిబంధన వేరు. నడుస్తూ వేడెక్కిన టైరు ఆ వేడి ప్రెషర్ నుంచి 20 శాతం కోల్పోతే హెచ్చరించాలంటుంది.

వేడి ప్రెషర్ నుంచి అన్న మాట దగ్గర ఒక్క క్షణం ఆగాలి. మన దగ్గర దొరికే చవక సెట్లలో చాలా వాటికి వేడి తెలియదు. మీరు 102 అని పెడితే టైరు 25 డిగ్రీల్లో ఉన్నా 80లో ఉన్నా 102 దాకా ఎదురు చూస్తాయి. 15 శాతం తక్కువకు అలారం పెట్టాం, జాగ్రత్తగానే ఉన్నాం అనుకుంటారు. కానీ 70 డిగ్రీల టైరు 102 చూపించిందంటే, అది చల్లారాక ఉండేది 88 మాత్రమే. అప్పటికే 26 శాతం పోయింది. 10 శాతం, అంటే 108 దగ్గర పెట్టినా వేడి మీద మోగేసరికి చల్లటి లెక్కలో 94, అంటే 22 శాతం తక్కువ. 112 దగ్గర పెడితే 97 దగ్గర, అంటే 19 శాతం పోయినప్పుడు దొరుకుతుంది. ఎండాకాలంలో ఆ 20 శాతం గీత దాటకముందు పట్టుకునేది ఆ ఒక్క అంకే.

అందుకని వేడిని లెక్కలోకి తీసుకోని సెట్టు మీదైతే మార్చి నుంచి జూన్ దాకా 112, మిగతా నెలల్లో 108 పెట్టండి. చలికాలంలో 112 ఎందుకు వద్దంటే, పగలు టైరు 38 డిగ్రీల్లో ఉండగా పట్టించిన 120, డిసెంబరు తెల్లవారుజామున 20 డిగ్రీలకు 112 అవుతుంది. ఏ లోపం లేకుండానే పొద్దున్నే మోగుతుంది. అలాంటి మోత రెండుసార్లు వింటే మూడోసారి నిజమైనదాన్ని ఎవరూ నమ్మరు.

వేడిని సరిచేసి చూసే సెట్టు దొరికితే కాస్త ఎక్కువైనా అదే కొనండి. దానిలో 10 శాతం దగ్గర హెచ్చరిక, 20 శాతం దగ్గర ఆపమనే అలారం పెట్టుకోవచ్చు, రెండూ ఏ వేళైనా నిజం చెబుతాయి. అమ్మేవాళ్లు అన్నిటికీ టెంపరేచర్ ఫంక్షన్ ఉందనే అంటారు. వేడి చూపించడం వేరు, ఆ వేడితో ప్రెషర్‌ను సరిచేయడం వేరు. తేల్చుకోవడానికి ఒక్క ప్రశ్న చాలు: "బేస్ 120, అలారం 10 శాతం పెట్టాం. టైరు 70 డిగ్రీల్లో ఉండి 120 చూపిస్తుంటే మోగుతుందా?" మోగుతుంది అంటే అది సరిచేసే సెట్టు, ఎందుకంటే ఆ టైరులో నిజంగా ఉన్నది 104. "120 ఉంది కదన్నా, ఎందుకు మోగుతుంది?" అని ఎదురడిగితే అది మామూలు సెట్టు.

సరిచేసే సెట్టుతో ఒక మెలిక ఉంది. చాలా వాటిలో లెక్కకు ఆధారం 20 డిగ్రీలు. నెల్లూరులో తెల్లవారినా ఎక్కువ నెలల్లో అంత చల్లదనం ఉండదు. 30 డిగ్రీల్లో 120 పట్టించిన టైరును అది 116గా చూస్తుంది, 40లో పట్టించినదాన్ని 111గా. బేస్ 120, హెచ్చరిక 108 అయితే ఆ రెండో టైరు చిన్న వంకకే మోగుతుంది. బేస్‌ను 116గా నమోదు చేసి, గాలి మాత్రం పొద్దున్నే 120 పట్టించండి. అప్పుడు లెక్క కుదురుతుంది.

మామూలు సెట్టులో రెండు మెట్లు పెట్టుకునే వీలున్నా, వేడి బండి మీద రెండో మెట్టుకు విలువ లేదు. 100 దగ్గర మోగేసరికి చల్లటి లెక్కలో 87 కూడా ఉండదు. మామూలు సెట్టున్న డ్రైవరుకు ఒక్కటే చెప్పాలి: బండి వేడిగా ఉన్నప్పుడు మొదటి అలారమే ఆపమనే అలారం.

హై ప్రెషర్, వేడి అలారాలు

హై ప్రెషర్‌కు సాధారణంగా 20 శాతం పెడతారు. 120కి అది 144. ఎండాకాలం మంచి టైరే 145 దాటగలదని పైన చూశాం, కాబట్టి మన దగ్గర 25 శాతం, అంటే 150 పెట్టాలి. పూర్తిగా ఆపేయడం మాత్రం వద్దు. బ్రేకు పట్టేసిన చక్రం, లోపల నీళ్లున్న టైరు, లోడు కోసమని పట్టికను దాటి 140 పట్టించిన టైరు ఈ అలారంతోనే బయటపడతాయి. సెన్సర్ కొలిచే గరిష్ఠ అంకె 150 కంటే బాగా పైన ఉందో లేదో కొనేటప్పుడే చూడండి. కారు సెన్సర్లు ఈ పనికి రావు. బార్లలో చూపించే సెట్టయితే 108 అంటే 7.4, 112 అంటే 7.7, 120 అంటే 8.3, 150 అంటే 10.3.

వేడి అలారం ఎంత పెట్టాలన్నది సెన్సర్ ఎక్కడుందన్న దానిమీద ఆధారపడుతుంది. రిమ్ముకు లోపల బిగించినది టైరు లోపలి గాలిని కొలుస్తుంది. దానికి 90 డిగ్రీలు పెట్టండి. వాల్వు మీద మూతలా బిగించేది బయట గాలి తగులుతూ ఉంటుంది కాబట్టి లోపల 80 ఉన్నా అంతకంటే బాగా తక్కువే చూపిస్తుంది. దానికి 70 సరిపోతుంది. 70 దగ్గర లోపలి సెన్సర్‌ను పెడితే మే నెలంతా మోగుతూనే ఉంటుంది, 90 దగ్గర బయటి సెన్సర్‌ను పెడితే హబ్బు అంటుకున్నా మోగకపోవచ్చు.

ఈ అలారం కంటే ఉపయోగపడేది పోలిక. ఆపినప్పుడల్లా డిస్‌ప్లేలో ఒకే యాక్సిల్ కుడి, ఎడమ వేడి చూడండి. అన్నీ కలిసి 75కి పోతే అది ఎండా, లోడూ. ఒక్క చక్రం ఎదుటి దానికంటే 15 డిగ్రీలు ఎక్కువుంటే అది బ్రేకు పట్టేయడమో, బేరింగు గ్రీజు అయిపోవడమో. ఆ చక్రంలో ప్రెషర్ కూడా పెరుగుతుంది కాబట్టి గాలి బాగానే ఉంది అన్న భ్రమ కలిగిస్తుంది. ఎండ ఒక పక్క మాత్రమే పడే సాయంత్రం వేళల్లో రెండు మూడు డిగ్రీల తేడా సహజం, దాన్ని వదిలేయండి.

త్వరగా గాలి పోయే లీకుకు వేరే అలారం ఉన్న సెట్లు ఉన్నాయి. అంకె ఎంత ఉన్నా, నిమిషానికి రెండు మూడు పీఎస్ఐ పడుతుంటే వెంటనే అరుస్తాయి. మేకు గుచ్చుకున్నప్పుడు 138 నుంచి 112కి దిగేదాకా ఆగనక్కర్లేదు. మామూలు సెట్టు కొంటున్నా ఈ ఒక్కటి ఉన్నది ఎంచుకోండి. వేడిని సరిచేయలేని లోటును కొంతవరకు ఇదే పూడుస్తుంది.

లోపలి సెన్సరా, మూత సెన్సరా

ట్యూబు టైర్లు వాడే ట్రైలర్‌కు మూత సెన్సరే గతి. ట్యూబ్‌లెస్ అయితే లోపలిది మేలు: దొంగతనం లేదు, రాళ్ల దెబ్బ లేదు, వేడి నిజంగా తెలుస్తుంది. చీమకుర్తి క్వారీ దారుల్లో రాతి ముక్కలు ఎగిరి బయటి మూతలు పగులుతాయి. లోపలి దానికి బ్యాటరీ అయిపోతే టైరు విప్పాలి, కాబట్టి టైరు మార్చే రోజే సెన్సర్ కూడా మార్చేయడం మంచిది.

మూత సెన్సర్ పెట్టేవాళ్లు జంట టైర్లలో లోపలి దానిమీద జాగ్రత్త పడాలి. ఆ వాల్వుకు రబ్బరు ఎక్స్‌టెన్షన్ పైపు పెట్టి దాని చివర సెన్సర్ వేలాడదీస్తే, చక్రం తిరిగే కొద్దీ బరువు ఊగి పైపు మొదలు దగ్గర చీలుతుంది. లీకు పట్టాల్సిన వస్తువే లీకుకు కారణమవుతుంది. గట్టి లోహపు ఎక్స్‌టెన్షన్ వాడి, రిమ్ముకు క్లిప్పుతో పట్టు ఇవ్వాలి. బిగించాక సబ్బు నీళ్లు రాసి చూడండి. మూత సెన్సర్ వాల్వు పిన్నును ఎప్పుడూ నొక్కే ఉంచుతుంది కాబట్టి దాని రబ్బరు వాషరు ఎండిపోతే గాలి నేరుగా బయటికి పోతుంది.

జంట టైర్ల మధ్య ప్రెషర్ తేడా 5 పీఎస్ఐ దాటకూడదు. 2018లో పెంచిన పరిమితి ప్రకారం మూడు యాక్సిళ్ల ట్రైలర్‌కు ఆ యాక్సిళ్ల మీద పడే బరువు 27 టన్నులు. 12 టైర్ల మీద పంచితే టైరుకు 2.25 టన్నులు. జంటలో ఒకటి మెత్తబడితే రెండోది 4.5 టన్నుల వైపు పోతుంది. గ్రానైట్ ఘనపు మీటరు మూడు టన్నులకు దగ్గరగా తూగుతుంది, ఆ బరువంతా బెడ్డు మీద ఒకటి రెండు చోట్లే కూర్చుంటుంది, అన్ని యాక్సిళ్లకూ సమంగా పడదు. అందుకే బ్లాకుల బండికి జంట తేడా చూపించే సెట్టు తప్పకుండా కావాలి. కంటైనర్ బండికి ఉంటే మంచిది. ఖాళీగా తిరిగొచ్చేటప్పుడు అంకెలు మార్చకండి. ఖాళీ టైరు తక్కువ వేడెక్కుతుంది కాబట్టి అలారం నిజమైన లోటుకు ఇంకా దగ్గరగా మోగుతుంది, అది లాభమే.

40 అడుగుల ట్రైలర్ వెనక యాక్సిల్ నుంచి క్యాబిన్‌కు సిగ్నల్ అందడం కష్టం. ట్రైలర్ మెడ దగ్గర రిపీటర్ (సిగ్నల్‌ను అందుకుని ముందుకు పంపే పెట్టె) బిగించాలి. మన బండ్లలో కరెంటు 24 వోల్టులు, 12 వోల్టుల రిపీటర్ తెచ్చి నేరుగా కలిపితే కాలిపోతుంది. సిగ్నల్ పోయిందన్న హెచ్చరికను ఎప్పుడూ ఆపకండి. అది లేకపోతే పాత అంకే తెరమీద నిలిచిపోయి అంతా బాగున్నట్టు కనిపిస్తుంది. ముందు బండి ఒక ట్రైలర్ వదిలి ఇంకోటి తగిలించుకునే పోర్టు పనికి, ట్రైలర్‌కో గ్రూపు దాచుకునే డిస్‌ప్లే కావాలి. లేదంటే పక్క యార్డులో నిలిచిన ట్రైలర్ టైర్లు మీ తెరమీద ఉంటాయి.

పెట్టాక పరీక్షించడం

తెల్లవారి, టైర్లు చల్లగా ఉన్నప్పుడు నమ్మకమైన గేజితో అన్నిటికీ 120 పట్టించండి. డిస్‌ప్లే చదివేది గేజికి రెండు మూడు పీఎస్ఐ తేడా ఉండొచ్చు. తేడా అన్ని టైర్లకూ ఒకేలా ఉంటే పరిమితులను డిస్‌ప్లే లెక్కలో సరిచేయండి. ఒక్కదానికే ఉంటే ఆ సెన్సర్ మార్చండి. తర్వాత యాక్సిల్‌కు ఒక టైరు తీసుకుని మోగేదాకా మెల్లగా గాలి దించండి. మూత సెన్సర్ ఉన్న వాల్వులో ఇది నేరుగా కుదరదు: సెన్సర్ విప్పి, కొంచెం దించి, మళ్లీ బిగించి, అంకె వచ్చేదాకా ఆగాలి. పెట్టిన అంకెకు రెండు పీఎస్ఐ అటూఇటూలో మోగాలి. మళ్లీ 120 పట్టించి, పెట్టిన అంకెలు పెయింటుతో ట్రైలర్ మెడ మీద రాయండి. డ్రైవరు మారినా, పంచర్ షాపులో కుర్రాడు అడిగినా ఆ రాత చూసి చెప్పొచ్చు. టైర్లు అటూఇటూ మార్చినప్పుడల్లా సెన్సర్ స్థానాలు తిరిగి నమోదు చేయాలి. లేదంటే ఎడమ వెనక మోగితే డ్రైవరు కుడి ముందు తడుముకుంటాడు.

ఇక నిజంగా మోగిన రోజు. చల్లటి లెక్కలో 10 నుంచి 20 శాతం మధ్య ఉంటే వేగం తగ్గించి దగ్గర్లో సురక్షితంగా ఆపగలిగిన చోట ఆపి, లీకు ఎక్కడో చూసి సరిచేయించాలి. 20 శాతం దాటి నడిచిన టైరుకు మాత్రం అక్కడికక్కడ గాలి పట్టించకండి. మెత్తగా నడిచినప్పుడు పక్కగోడలోని ఉక్కు తీగలు వంగి వంగి తెగి ఉంటాయి. బయటికి ఏమీ కనబడదు. గాలి ఎక్కే కొద్దీ ఆ తీగల వరస ఒక్కసారిగా జిప్పులా విడిపోతుంది, ఎదురుగా కూర్చున్న మనిషి ప్రాణం పోతుంది. స్టెప్నీ వేసుకుని, ఆ టైరును విప్పించి లోపల పక్కగోడ మీద ముడతలు, రబ్బరు పొడి, ఉబ్బు ఉన్నాయేమో చూపించాలి. ఏవీ లేకపోతేనే ఇనుప పంజరంలో పెట్టి, క్లిప్పు తగిలించే పొడవాటి గొట్టంతో, పక్కకు నిలబడి గాలి ఎక్కించాలి. మధ్యలో పక్కగోడ నుంచి టపటప చప్పుడు వినబడితే ఎక్కించడం ఆపేసి, దగ్గరికి పోకుండా గొట్టం చివరి నుంచే గాలి పూర్తిగా వదిలేసి, ఆ టైరును చెత్తలో వేయాలి.